మాట తడబడితే పైపు తెరవండి

మియాపూర్‌లో మూడో అంతస్తు స్లాబుకు కడ్డీలు కడుతున్నాం. మే నెల, మధ్యాహ్నం రెండు దాటింది. టేపు ఇమ్మంటే మా కుర్రాడు సుత్తి అందించాడు. నవ్వుకున్నాను. ఇంకా ఎన్ని కడ్డీలు మిగిలాయని అడిగాను. "బస్సు వెళ్లిపోయిందా మేస్త్రీ?" అన్నాడు. ఒళ్లంతా చెమటలు కారుతున్నాయి కదా, నీరసమే అనుకుని నీడలో కూర్చోబెట్టాను. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని అప్పటిదాకా నా నమ్మకం. అలా పది నిమిషాలు పోగొట్టాను. వాడు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు.

ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు చెమట కారుతుండగానే వడదెబ్బ తగలవచ్చని అక్కడి డాక్టరు చెప్పాకే తెలిసింది. ఇప్పుడు నేను కూలీలను ఊరికే పలకరిస్తూ తిరుగుతాను. పొద్దున ఏం తిన్నావు, మీ ఊళ్లో వానలు పడ్డాయా అని. జవాబు తేడాగా వచ్చినా, నడక తూలినా, మనిషి ఉన్నట్టుండి చిరాకుపడినా పని ఆపేస్తాను.

ఎండ వల్ల వచ్చేవాటిలో చెమటకాయల సంగతి చెప్పేదేముంది, వదులు నూలు బట్టలు వేసుకుంటే తగ్గుతాయి. పిక్కలు, పొట్ట కండరాలు పట్టేస్తే ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గాయని అర్థం. ఆ పూటకు బరువు పని వద్దు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, చర్మం చల్లగా జిగటగా ఉండడం, మూత్రం ముదురు పసుపు రంగులో రావడం దాని తర్వాతి మెట్టు. నీడలో పడుకోబెట్టి కాళ్ల కింద ఎత్తు పెట్టండి. లీటరు నీళ్లకు ఓఆర్ఎస్ పొట్లం ఒకటి కలిపి గుక్కగుక్కగా తాగించండి. ఉప్పు వేసిన మజ్జిగ కూడా మంచిదే. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ మెట్లన్నీ ఎక్కే వడదెబ్బ రావాలని లేదు, నేరుగానూ తగులుతుంది.

మాట తడబడినా, మూర్ఛ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. అప్పటికి ఒంటి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉండవచ్చు. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు నీళ్లు పోయాలి. స్లాబు తడిపే పైపు మన దగ్గరే ఉంటుంది కదా! ఎండలో పడి ఉన్న పైపులోంచి మొదట వచ్చేవి సలసల కాగే నీళ్లు, వాటిని పక్కకు వదిలేయండి. బట్టలు వదులు చేసి తల నుంచి పాదాల దాకా తడపండి. అట్టముక్కతో ఆపకుండా విసరండి. స్లాబు ఆరిపోకుండా పరిచే క్యూరింగ్ గోనె సంచులు మనిషి మీద కప్పితే నిమిషాల్లో వేడెక్కిపోతాయి, మళ్లీ మళ్లీ తడుపుతుండాలి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు.

కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి వారం నేను ఎండలో సగం పనే చెబుతాను. ఒళ్లు ఈ వేడికి అలవాటు పడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. రాత్రి కల్లు తాగి వచ్చినవాడిని పైకి ఎక్కనివ్వను, దాని మీద గొడవలు జరుగుతూనే ఉంటాయి. జేబులో ఉల్లిపాయ ఉంటే ఎండ తగలదని మా పెద్ద మేస్త్రి నమ్మకం. నేను కాదనను. మధ్యాహ్నం మజ్జిగలోకి పనికొస్తుంది.