హుక్ మార్చాక లూర్ ఎందుకు ఈదట్లేదు? సముద్రపు గాలానికి సమస్య - పరిష్కారం

వరంగల్ నుంచి సముద్రంలో గాలం వేయాలంటే రైలెక్కి విజయవాడ దాటి బాపట్ల దాకానో, కాకినాడ, విశాఖ దాకానో పోవాలి. అంత దూరం పోయి ఒడ్డున నిలబడ్డాక లూర్‌కు (చేపపిల్లలా ఈదే నకిలీ ఎరకు) తగిలించిన హుక్ తేడా కొడుతోందని తెలిస్తే అప్పటికప్పుడు చేయగలిగింది పెద్దగా ఉండదు. పైగా మనలో చాలామంది హుక్కులు ఆన్‌లైన్‌లో ఫొటో చూసి తెప్పించుకుంటాం, చేత్తో పట్టి చూసి కొనం. అందుకే హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఇంట్లో కూర్చుని పసిగట్టగలిగే సమస్యలు ఇక్కడ రాస్తున్నాను. నేను గట్టిగా చెప్పేది ఒకటే: ప్యాకెట్ మీది నంబరు కంటే ముందు హుక్ బరువు చూడండి.

లూర్ మునిగిపోతోంది, లేదా ఊగకుండా బిగుసుకుపోయి వస్తోంది

హుక్ మార్చినవాళ్లకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. లూర్‌తో వచ్చిన హుక్ సన్నగా ఉంది, పండుగప్ప పడితే ఆగదేమో అన్న భయంతో 4ఎక్స్ ట్రెబుల్ (మూడు ముళ్ల హుక్) తగిలిస్తాం. 2ఎక్స్, 3ఎక్స్, 4ఎక్స్ అనేవి తీగ మందాన్ని చెప్తాయి. సైజు నంబరు అదే అయినా తీగ మందమైతే బరువు పెరుగుతుంది. లూర్‌ను తయారుచేసినవాళ్లు దాని హుక్కులు, వాటిని లూర్‌కు కలిపే రింగుల బరువు కూడా లెక్కేసుకునే తేలే తీరును కుదురుస్తారు. ఆ లెక్క తప్పితే తేలాల్సిన లూర్ మునుగుతుంది. నీటి మధ్యలో ఆగాల్సిన సస్పెండింగ్ లూర్ అయితే కొద్దిపాటి బరువుకే దెబ్బతింటుంది. బరువంతా తోక వైపు పెరిగితే ఊపు చచ్చిపోతుంది, ముందు వైపు పెరిగితే ముక్కు కిందికి వాలుతుంది.

మనకు ఇంకో చిక్కుంది. మనం పరీక్షించేది మంచినీళ్లలో. సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం ఎక్కువ చిక్కన. అంటే 20 గ్రాముల లూర్‌కు సముద్రంలో దాదాపు అర గ్రాము అదనపు ఆసరా దొరుకుతుంది. ఇంట్లో బకెట్లో మెల్లగా మునిగిన లూర్ అక్కడ నీటి మధ్యలో ఆగొచ్చు. ఇక్కడ చక్కగా ఆగింది అక్కడ పైకి తేలొచ్చు. కాబట్టి మామూలు నీళ్లలో చూసి తేల్చేయకండి.

చేయాల్సింది ఇది. 10 లీటర్ల నీళ్లలో 350 గ్రాముల ఉప్పు వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. లీటరుకు 35 గ్రాములు, సముద్రపు నీటికి దగ్గరి లెక్క. పాత హుక్కులను రింగులతో సహా విప్పి, గ్రాములో వందో వంతు దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా మీద తూచి రాసుకోండి. ముందుది వేరుగా, వెనుకది వేరుగా. కొత్తవీ అలాగే తూచండి. తర్వాత పాత హుక్కులతో లూర్‌ను ఉప్పునీళ్లలో వదిలి, ముక్కు ఎంత వాలింది, వీపు నీటిపై ఎంత కనబడుతోంది చూసుకోండి. కొత్తవి తగిలించి మళ్లీ వదలండి. లేవాల్సిన లూర్ లేవకపోయినా, ముక్కు వాలు మారినా ఒక మెట్టు తగ్గండి. 4ఎక్స్ బదులు 2ఎక్స్, లేదా అదే మందంలో ఒక సైజు చిన్నది. లూర్ నీటికి అలవాటుపడేలా రెండు నిమిషాలు వదిలేసి, అంటుకున్న గాలి బుడగలను వేలితో తుడిచి చూడండి. బుడగలు ఉంటే లూర్ అసలు కంటే తేలికగా కనిపిస్తుంది.

వానాకాలం పోయేవాళ్లు ఇది కూడా గుర్తుంచుకోవాలి. మన కాళేశ్వరం ముందు నుంచి పోయే గోదావరి వరదే కిందకు పోయి సముద్రంలో కలుస్తుంది. ఆ రోజుల్లో నది మొగల దగ్గర ఉప్పు బాగా తగ్గిపోతుంది. అక్కడ వేసేవాళ్లు మంచినీళ్ల బకెట్ పరీక్షను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

హుక్ సాగిపోయి నిటారుగా వస్తోంది

వెంటనే మందపాటి హుక్ కొనకండి, ముందు రీల్ డ్రాగ్ (చేప ఎంత గట్టిగా లాగితే లైన్ వదలాలో పెట్టుకునే బిగింపు) చూడండి. బ్రెయిడ్ లైన్ (అల్లిన దారం) సాగదు, చేప లాగిన లాగుడంతా నేరుగా హుక్ మీదే పడుతుంది. డ్రాగ్‌ను లైన్ బలంలో పావు వంతు దగ్గర పెట్టుకోవడం మంచి పద్ధతి. 30 పౌండ్ల బ్రెయిడ్‌కు ఏడెనిమిది పౌండ్లు, అంటే సుమారు మూడున్నర కిలోలు. లగేజీ తూచే కాటాను లైన్ కొసకు తగిలించి లాగితే తెలిసిపోతుంది. చేత్తో లాగి అంచనా వేస్తే చాలాసార్లు తప్పుతుంది.

డ్రాగ్ సరిగానే ఉన్నా సాగుతోందంటే తీగ చాలడం లేదు. పండుగప్ప ఎగిరి తల విదిలిస్తుంది, పార చేప కిందికి దూసుకెళ్లి ఆపకుండా లాగుతుంది. వీటికి ఒక మెట్టు మందం పెంచాల్సిందే. పెంచాక మళ్లీ బకెట్ పరీక్ష. సాగిన హుక్‌ను పట్టకారుతో వంచి మళ్లీ వాడకండి. ఒకసారి వంగిన చోట లోహం బలహీనపడుతుంది, రెండోసారి అక్కడే పుటుక్కున విరుగుతుంది.

ముందు హుక్, వెనుక హుక్ ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి

సైజు పెద్దదైంది. రెండు హుక్కులనూ ఎదురెదురుగా లాగి చూడండి, కొనలు తగలకూడదు. పొట్ట కింది హుక్ లూర్ వీపు మీదికి ఎక్కి కూర్చోకూడదు. నంబర్లలో చాలామంది ఇక్కడే తికమకపడతారు: 6 కంటే 4 పెద్దది, 4 కంటే 2 పెద్దది, 1 దాటాక 1/0, 2/0, 3/0 అంటూ అంకె పెరిగేకొద్దీ హుక్ పెరుగుతుంది. ఒక కంపెనీ 4కూ ఇంకో కంపెనీ 4కూ కూడా తేడా ఉంటుంది. కాబట్టి పాత హుక్‌ను తెల్ల కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకుని, కొత్తదాన్ని ఆ గీత మీద పెట్టి చూడండి.

చేప తగులుతోంది, నిలవట్లేదు

మొదట కొన చూడండి. గోటి మీద హుక్ కొనను బరువు పెట్టకుండా జరపండి. గుచ్చుకుని ఆగితే పదును ఉంది, జారిపోతే మొద్దుబారింది. ఆకురాయితో పదును పెట్టొచ్చు కానీ పూత పోతుంది, ఉప్పునీటిలో సరిగ్గా అక్కడే తుప్పు మొదలవుతుంది. ప్రయాణానికి ముందైతే మార్చేయడమే మేలు.

కొన పదునుగానే ఉన్నా జారిపోతోందంటే ట్రెబుల్ బదులు సింగిల్ హుక్ వేసి చూడండి. మూడు ముళ్ల హుక్‌కు లూర్ బరువే మీటలా పనిచేసి, చేప తల విదిలించినప్పుడు ముల్లును ఊడదీస్తుంది. సింగిల్ లోతుగా దిగుతుంది, తిరిగి వదిలేటప్పుడు చేపకూ మన వేళ్లకూ గాయం తక్కువ. వంజరం లాంటివి తోక వైపు కొడతాయి కాబట్టి వెనుక హుక్ తప్పకుండా ఉంచండి. కొనేటప్పుడు హుక్ కన్ను (రింగు దూరే రంధ్రం) చూసుకోండి. లూర్ల కోసం చేసిన ఇన్‌లైన్ హుక్‌లో కన్ను ముల్లు ఉన్న తలంలోనే ఉంటుంది, మామూలు హుక్‌లో దానికి అడ్డంగా ఉంటుంది. మామూలు సింగిల్ తగిలిస్తే రింగులో పక్కకు తిరిగిపోతుంది. పొట్ట కింది దాని ముల్లు ముందుకు, తోకది పైకి చూసేలా పెట్టడం ఎక్కువమంది పాటించే పద్ధతి.

లోయర్ మానేరు లాంటి చోట మునిగిన మొద్దుల్లో అవే లూర్లు వాడేవాళ్లకు కూడా సింగిలే నయం, తక్కువ చిక్కుకుంటుంది. అయితే మత్స్య సహకార సంఘాన్ని అడగకుండా చెరువుల్లో గాలం వేయొద్దు. పాఖాల అభయారణ్యం, అక్కడ వేయనే వేయకూడదు.

రింగు విచ్చుకుంటోంది

గోటితోనో కత్తి మొనతోనో విప్పిన స్ప్లిట్ రింగు మళ్లీ పూర్తిగా మూసుకోదు. దానికి వేరే పట్టకారు ఉంది, కొనలో చిన్న పన్ను ఉంటుంది. హుక్ మార్చినప్పుడల్లా రింగూ మార్చండి, హుక్ కంటే బలహీనమైనది వేయొద్దు.

పెట్టెలోనే తుప్పు పట్టింది

తడి లూర్లు మూత బిగించిన పెట్టెలో పడి ఉండటమే కారణం. ఒక్క తుప్పు హుక్ పక్కవాటికీ అంటిస్తుంది. ఒడ్డు దాటేలోపే మంచినీళ్లతో కడిగి, ఇంటికొచ్చాక మళ్లీ కడిగి, ఆ రాత్రంతా తెరిచి ఆరబెట్టండి. రింగు హుక్ కన్నును తాకే చోట ఉప్పు దాక్కుంటుంది, రింగును వేలితో తిప్పుతూ కడగాలి. కొత్తవి కొనేటప్పుడు గోధుమరంగు కాంస్యపు పూతవి వద్దు, అవి మంచినీటి కోసం. తగరపు పూత ఉన్న హై కార్బన్ స్టీల్ సముద్రానికి మంచి ఎంపిక. స్టెయిన్‌లెస్ తుప్పును బాగా ఆపుతుంది కానీ పదును అంత నిలవదు, తెగి చేపలో ఉండిపోతే త్వరగా కరిగిపోదు. చేపను తిరిగి వదిలే అలవాటున్నవాళ్లు ఈ మాట పట్టించుకోవాలి.

తీసేసిన పాత హుక్కులను మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో వేసి, పైన 'గాలం ముళ్లు' అని రాసి చెత్తబండికి ఇవ్వండి. అక్కడ చెత్త వేరుచేసేవాళ్లు చేతులతోనే తీస్తారు.