బూజు దులిపేటప్పుడు ఒక మూల వదిలేయండి: చిన్నపిల్లలతో ఇంట్లోనే సాలీడు పాఠాలు

పిల్లలకి సాలీడు గురించి చెప్పాలంటే చార్టు కొనక్కర్లేదు, యూట్యూబ్ పెట్టక్కర్లేదు, బాత్‌రూమ్ పైమూలకి తలెత్తి చూస్తే చాలు. దారాల్లాంటి పొడుగు కాళ్ళతో తలకిందులుగా వేలాడుతూ ఒకటి ఉంటుంది, మన ఇళ్ళల్లో అది లేని బాత్‌రూమ్ అరుదు. అందుకని మొదటి పని పెద్దవాళ్ళదే. ఈసారి బూజు కర్ర పట్టుకున్నప్పుడు ఇల్లంతా దులుపుకోండి, ఆ ఒక్క మూల మాత్రం వదిలేయండి. "పండక్కి కూడా బూజు ఉంచుతారా" అని అత్తగారో అమ్మో అంటే పిల్లాడి స్కూల్ ప్రాజెక్ట్ అని చెప్పేయండి, స్కూల్ పేరు చెబితే ఇంట్లో ఎవరూ ఎదురు మాట్లాడరు.

మీకే భయమైతే కాస్త దూరంగా స్టూలు వేసుకుని కూర్చోండి, పర్లేదు. కేక మాత్రం వేయకండి. మూడేళ్ళ పిల్ల ముందు మీ మొహం చూసి, తర్వాతే సాలీడును చూస్తుంది.

ఆటలకి ముందు ఒకటే రూల్: చూడొచ్చు, ముట్టుకోకూడదు. గోడల మీద తిరిగేవి మన జోలికి రావు, నలిపితేనో చేత్తో గట్టిగా పట్టుకుంటేనో తప్ప కరవవు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇటుకల కుప్పలు, కట్టెల మోపులు, రాళ్ళ సందుల దగ్గర, అక్కడ తేలు, జెర్రి కూడా ఉండొచ్చు కాబట్టి పిల్లల్ని అక్కడ వెతకనివ్వకండి. ఇంకోటి, ఒంటి మీద పొక్కులు లేస్తే చాలామంది "సాలీడు పాకిందేమో" అంటారు. వానాకాలంలో ట్యూబ్‌లైట్ దగ్గరికి నలుపు, నారింజ పట్టీలతో చీమకన్నా కాస్త పొడుగ్గా ఉండే సన్నటి పురుగు వస్తుంది, దాన్ని ఒంటి మీద నలిపినప్పుడు కారే రసంతో చర్మం కాలినట్టు పొక్కుతుంది. చాలాసార్లు ఆ పురుగు చేసిన పనికి పాపం సాలీడుకి పేరొస్తుంది.

ఇక మూలలో ఉన్నదాని సంగతి. కొబ్బరి ఈనె పుల్లతో దాని గూటి అంచుని చాలా మెల్లగా తాకించండి (సాలీడుని కాదు). వెంటనే అది ఉన్నచోటే గిరగిరా ఊగిపోతుంది, ఎంత వేగంగా అంటే ఒంటి ఆకారమే కనపడదు. శత్రువుకి చిక్కకుండా అది వేసే ఎత్తు అది. ఒక్కసారి చూపించి ఆపేయండి, పిల్లలు వందసార్లు చేయమంటారు. ఒక్కోసారి నోటి దగ్గర చిన్న ఉండలాంటిది పట్టుకుని ఉంటుంది, తిండి అనుకుంటాం, అవి గుడ్లు, పల్చటి దారంతో చుట్టి పిల్లలు బయటికొచ్చేదాకా తల్లి అలా నోటితోనే మోస్తుంది. గూట్లో ఎండిపోయిన సాలీడు వేలాడుతుంటే చచ్చిపోయిందని ఏడుపు మొదలవుతుంది, కంగారు పడకండి, చాలావరకు అది విడిచిన కుబుసమే. ఫ్యాన్ ఆపి, తెల్లకాగితం మీదకి దించి, భూతద్దం ఇవ్వండి. లోపల ఏమీ లేని ఎనిమిది కాళ్ళు, గోళ్ళతో సహా కనిపిస్తాయి. పాత చొక్కా బిగుతైతే విప్పేసింది అని చెబితే నాలుగేళ్ళ వాళ్ళకి కూడా అర్థమవుతుంది.

చపాతీ పిండి కలిపిన రోజు రెండు ముద్దలు పక్కన పెట్టుకోండి. ముందుది చిన్నది, వెనకది పెద్దది, రెండూ అతికించి, విరిచిన ఈనె పుల్లలు ఎనిమిది గుచ్చమనండి. పిల్లలు దాదాపు ఎప్పుడూ పెద్ద ముద్దకే గుచ్చుతారు, అక్కడే ఆపి "పొట్టకి కాళ్ళు ఉంటాయా?" అని అడగాలి. సాలీడు కాళ్ళన్నీ ముందు భాగానికే, అటు నాలుగు, ఇటు నాలుగు. కళ్ళకి ముందు వరసలో నడిమధ్య రెండు మిరియాలు, చుట్టూ ఆరు ఆవాలు, ఇది గెంతే సాలీడు మొహం. ఇంట్లో మూడేళ్ళలోపు వాళ్ళుంటే మిరియాలు, ఆవాలు వద్దు, ముక్కులో పెట్టుకుంటారు, పెన్నుతో చుక్కలు పెట్టించండి. పక్కనే మూడు ముద్దలు, ఆరు కాళ్ళు, రెండు మీసాలతో ఒక చీమను కూడా చేయిస్తే సాలీడు కీటకాల జాతి ఎందుకు కాదో మీరు చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఆ గెంతే సాలీడు నిజంగా కావాలంటే ఎండ పడే కిటికీ దగ్గర చూడండి. చిన్నది, బొద్దుగా, చారలతో ఉంటుంది, గూడు కట్టి కూర్చోదు, ఈగ వెనకాల పిల్లిలా నక్కుతూ వెళ్ళి దూకుతుంది. నా దృష్టిలో చిన్నపిల్లలకి దీన్ని మించిన టీచర్ లేదు, ఎందుకంటే ఇది తిరిగి మనల్ని చూస్తుంది. జానెడు దూరంలో వేలు పెట్టి మెల్లగా అటూ ఇటూ కదపమనండి, ఒళ్ళంతా తిప్పి వేలు వైపే చూస్తుంది. హ్యాండ్‌బ్యాగులో ఉండే చిన్న అద్దం ముందు పెడితే ఒక్కోసారి తన బొమ్మని ఇంకో సాలీడనుకుని ముందుకాళ్ళు ఎత్తుతుంది. దూకేముందు వెనకనుంచి ఒక దారం గోడకి అంటిస్తుంది, జారినా కింద పడకుండా. వెలుగు పక్కనుంచి పడితే ఆ దారం మెరుస్తూ కనిపిస్తుంది.

రాత్రిళ్ళు గోడ మీద కనపడే అరచేయంత గోధుమరంగు సాలీడుతో ఆటలేమీ వద్దు. అది బొద్దింకల్ని తింటుంది, దాని పని దాన్ని చేసుకోనివ్వండి.

గూడు కట్టే ఆటకి ప్లాస్టిక్ స్టూలు ఒకటి తిరగేసి పెట్టండి, నాలుగు కాళ్ళు పైకి వస్తాయి. ఊలు దారంతో కాళ్ళ పైకొనల చుట్టూ ముందు ఒక చట్రం కట్టి, దానికి అడ్డంగా, ఐమూలగా అన్నీ మధ్యలో కలిసేలా నాలుగు దారాలు లాగాలి, అంటే నడిమి నుంచి ఎనిమిది చీలుతాయి. తర్వాత మధ్యనుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ రావడం. ఐదేళ్ళు దాటినవాళ్ళు చేయగలరు, చిన్నవాళ్ళు చిక్కులు పెడతారు, పెట్టనివ్వండి. చుట్టల మీద అక్కడక్కడ సెలోటేపు జిగురువైపు పైకి వచ్చేలా తిప్పి, దూది ఉండలు విసరమంటే కొన్ని అంటుకుంటాయి, కొన్ని జారిపోతాయి. నిజం గూట్లోనూ అంతే, చట్రం, నడిమి నుంచి చీలే దారాలు పొడిగా ఉంటాయి, చుట్టలకే జిగురు. సాలీడు పొడి దారాల మీద నడుస్తుంది, తన గూట్లో తను చిక్కుకోకపోవడానికి అదొక కారణం.

అసలు సరదా దీని తర్వాత. గజ్జెల పట్టీ నుంచి ఊడిన మువ్వ ఏదైనా ఉంటే ఒక దారానికి కట్టండి. పిల్ల కళ్ళకి చున్నీ కట్టి, రెండు చేతులూ గూడు మధ్యలో తేలిగ్గా ఆనించి కూర్చోమనండి. మీరు అంచున ఒక దారాన్ని వేలితో మీటితే ఎటునుంచి ఈగ వచ్చిందో చెప్పాలి. మొదట్లో మువ్వ చప్పుడు విని చెప్పేస్తారు, అందుకే తర్వాత మువ్వ తీసేయండి. అప్పుడు చెవులు పనిచేయవు, వేళ్ళకి తగిలే అదురే ఆధారం. గూడు కట్టే సాలీళ్ళకి చూపు అంతంతమాత్రం, అవి ఇలా కాళ్ళతోనే వింటాయి. గాలికి దారం కదిలితే పరిగెత్తుకు రావు, ఈగ కొట్టుకుంటే వస్తాయి, ఆ తేడా కూడా ఆటలో పెట్టొచ్చు: ఊదితే కదలకూడదు, మీటితేనే "ఈగ!" అనాలి.

వరండాలోనో పెరట్లోనో లైటు ఉంటే సాయంత్రం చీకటి పడే వేళకి ఒకసారి బయటికి తీసుకెళ్ళండి. గుండ్రటి గూళ్ళు కట్టేవి చాలావరకు అప్పుడే పని మొదలుపెడతాయి, అరగంట నుంచి గంటలో మొత్తం అల్లేస్తాయి. మొదటి దారాన్ని గాలిలోకి వదులుతుంది, అది ఎగిరి ఎక్కడో తగులుకుంటే అదే వంతెన. తెల్లారేసరికి గూడు మాయమైతే ఎవరో తెంపారని కాదు, చాలా సాలీళ్ళు పాత గూటిని తామే తినేసి ఆ సరుకుతో మళ్ళీ కొత్తది అల్లుతాయి. ఉదయం గూడు మిగిలుంటే స్ప్రే బాటిల్‌తో సన్నగా నీళ్ళు చల్లి వెనక నల్ల చార్టు పట్టుకుంటే ఫోన్‌లో ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. "ఈగ పాపం కదమ్మా" అని అడుగుతారు. అవును, పాపమే. సాలీడుకి కూడా ఆకలేస్తుంది కదా అనండి, అంతకన్నా పెద్ద సమాధానం వాళ్ళూ అడగరు.

కాస్త పెద్దపిల్లలుంటే ఆంధ్రప్రదేశ్ మ్యాప్ తీసి అనంతపురం జిల్లాలో గుత్తి ఎక్కడుందో వెతికించండి. నీలంరంగులో మెరిసిపోయే ఒక పెద్ద సాలీడు అక్కడ దొరికింది, 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని లోకానికి పరిచయం చేశాడు, మళ్ళీ 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనబడే వరకు దాని జాడ లేదు. చెట్ల తొర్రల్లో ఉంటుంది, ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువున్న జీవుల జాబితాలో ఉంది. మూడు ఊళ్ళకీ చుక్కలు పెట్టి, పక్కన నీలం క్రేయాన్‌తో బొమ్మ వేయించండి, మన ఊరు ఆ మ్యాప్‌లో ఎక్కడో కూడా అదే ఊపులో గుర్తుండిపోతుంది.

పడుకునేటప్పుడు కథ అడిగితే శ్రీకాళహస్తి ఉండనే ఉంది. శివలింగం చుట్టూ దారాలతో గుడి అల్లిన సాలీడు, దీపం అంటుకుని అల్లినదంతా కాలిపోతే కోపంతో ఆ దీపాన్నే మింగబోయిన సాలీడు. పాము, ఏనుగు సంగతి ఇంకో రాత్రికి దాచుకోండి, మూడూ ఒకేసారి చెబితే నిద్రపోరు.

డల్లాస్ వైపు ఉన్న తెలుగువాళ్ళకి ఒక మాట. అక్కడ బ్లాక్ విడో, బ్రౌన్ రిక్లూజ్ అనే విషపు సాలీళ్ళు రెండూ ఉంటాయి, కాబట్టి గరాజ్ మూలలు, కట్టెల కుప్పలు, బయట పడేసిన బూట్ల దగ్గర ఈ వెతుకులాట వద్దు, కిటికీ దగ్గర గెంతే సాలీడుతోనో స్టూలు ఆటతోనో సరిపెట్టుకోండి. హ్యాలోవీన్ అయిపోగానే రబ్బరు సాలీళ్ళు సగం ధరకి వస్తాయి, ఒక ప్యాకెట్ తెచ్చి కింద పోసి, కాళ్ళు పొట్టకి అతికించినవి ఏవో, ఆరు కాళ్ళతోనే సరిపెట్టినవి ఏవో ఏరమనండి. పిండితో ఒకసారి చేసిన పిల్లలైతే టకటకా ఏరిపారేస్తారు.