సిజేరియన్ తర్వాత నొప్పి: ఎక్కడ, ఎందుకు, ఏం చేయాలి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కల్లో తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. అయినా "పాలిచ్చేదానివి, మందులెక్కువ మింగకు, ఓర్చుకో" అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. దయచేసి ఓర్చుకోకండి. నొప్పితో మంచానికే అతుక్కుపోతే పాలివ్వడం కష్టం, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది.

మత్తు దిగగానే కుట్ల దగ్గర భరించలేని నొప్పి

వెన్నులో ఇచ్చిన మత్తు సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటల్లో దిగిపోతుంది. అందులో కొద్దిగా మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) కలిపితే ఇంచుమించు ఒక రోజు ఊరట ఉంటుంది. ఒళ్ళు దురద పెట్టడం దానివల్లే కావచ్చు, నర్సుకు చెబితే మందు ఇస్తారు. మార్ఫిన్ కలుపుతున్నారా అని మత్తు డాక్టరును ముందే అడగండి. కలపకపోతే మత్తు పూర్తిగా దిగకముందే నొప్పి మందు మొదలవ్వాలి.

నొప్పి వచ్చాక మాత్ర కాదు, టైముకి మాత్ర: మొదటి రెండు మూడు రోజులు ఇదే ముఖ్యం. మామూలుగా ఆరు గంటలకోసారి పారాసిటమాల్ 1 గ్రాము (రోజుకు 4 గ్రాములు దాటకూడదు, బరువు 50 కిలోల లోపుంటే ఇంకా తక్కువ), దానికి తోడు ఐబుప్రొఫెన్ లేదా డైక్లోఫెనాక్ రాస్తారు. ఇవి పాలలోకి వెళ్ళేది చాలా తక్కువ, బిడ్డకు భయం లేదు. బాలింత నిద్రపోతోంది కదా అని రాత్రి డోసు వదిలేస్తే తెల్లారేసరికి పక్కకు ఒత్తిగిలడం కూడా కష్టమవుతుంది. అలారం పెట్టి లేపి ఇవ్వండి.

స్ట్రిప్ వెనక పేర్లు చదవండి. చాలా నొప్పి మాత్రల్లో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది, తెలియక రెండింతలు పడుతుంది. కిడ్నీ సమస్య, అల్సర్, ఆస్తమా, బీపీ ఉంటే డాక్టరుకు చెప్పాలి. కోడీన్, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు సొంతంగా అస్సలు వద్దు. పాల ద్వారా బిడ్డకు మగత, ఊపిరి మందగించడం రావచ్చు.

లేచేటప్పుడు నిటారుగా లేవకండి. పక్కకు తిరిగి, కాళ్ళు మంచం కిందికి దించి, మోచేతి ఊతంతో లేవండి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోండి.

పాలిస్తుంటే పొత్తికడుపులో మెలిపెట్టడం

పాలిచ్చేటప్పుడు ఊరే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వల్ల గర్భసంచి ముడుచుకుంటుంది. రెండో కాన్పులో ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. మాత్ర వేసుకున్న అరగంటకు పాలిస్తే తేలిక. కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

పొట్ట ఉబ్బరం, భుజం లాగడం

ఆపరేషన్ తర్వాత పేగులు నెమ్మదిస్తాయి, గ్యాస్ పట్టేస్తుంది. లోపల మిగిలిన గాలి డయాఫ్రమ్‌ను (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరాన్ని) తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది. డాక్టరు లేవమన్నప్పటి నుంచి నాలుగడుగులు వేయడమే మందు. పత్యం పేరుతో నీళ్ళు ఆపడం, పప్పు తింటే కుట్లు చీము పడతాయనడం వల్ల బాలింతకు మలబద్ధకం తప్ప ఒరిగేదేమీ లేదు. చీము పట్టేది ఇన్ఫెక్షన్ వల్ల, పప్పు వల్ల కాదు.

కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గడం

వెన్నులో మత్తు సూది గుచ్చిన చోట వెన్ను ద్రవం కారడం వల్ల వచ్చేది ఇది. ఎక్కువగా మొదటి ఐదు రోజుల్లోనే మొదలవుతుంది. దిండు లేకుండా పడుకోబెడితే రాదనుకోవడం నిజం కాదు. నీళ్ళు, కాఫీ, నొప్పి మాత్రలతో చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే బాలింత రక్తాన్నే కొద్దిగా తీసి నడుము దగ్గర ఎక్కించే బ్లడ్ ప్యాచ్ బాగా పనిచేస్తుంది. మత్తు డాక్టరు చూడాల్సిన విషయం ఇది, ఇంట్లో కూర్చోవద్దు. పడుకున్నా తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే వెంటనే బీపీ చూపించాలి.

నడుం నొప్పి

సూది పడ్డ చోట కొన్ని రోజులు నొప్పిగా ఉంటుంది, అంతే. నెలల తరబడి ఉండే నడుం నొప్పిని సూది మీద వేయకండి. గర్భంతో సడలిన కీళ్ళు, వంగి పాలివ్వడం చూసుకోవాలి. ఒళ్ళో దిండు పెట్టి బిడ్డను రొమ్ము ఎత్తుకు తీసుకురండి.

ఆసుపత్రికి వెంటనే

జ్వరం, కుట్ల నుంచి చీము, వాసనతో మైల, గంటకే ప్యాడ్ తడిసిపోవడం, ఒక పిక్క మాత్రం వాచి నొప్పి పెట్టడం, కాళ్ళలో బలం తగ్గడం, మూత్రం రాకపోవడం: వీటిలో ఏది కనిపించినా ఆగకండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఫిట్స్ అయితే నేరుగా 108కి ఫోన్ చేయండి.