ఇంటర్ గ్రూపు ఎంపిక – 3వ పాఠం: ఏ సబ్జెక్టు వదిలితే ఏ దారి మూసుకుపోతుంది?

రెండో పాఠం చివర ఒక పని ఇచ్చాం. ఇంటర్ తర్వాత చదవాలనిపించే కోర్సులు ఎనిమిది ఒక కాగితం మీద నిలువుగా రాసుకోమన్నాం. ‘డాక్టర్’ అని కాదు, ‘ఎంబీబీఎస్’ అని. ‘సివిల్స్’ అని కాదు, దానికి ముందు చదవబోయే డిగ్రీ పేరు. ఆ కాగితం బయటికి తీయండి. ఇంకా రాయనివాళ్ళు ఇక్కడే ఆగి పది నిమిషాల్లో ఆ పని కానిచ్చి రండి. అది చేతిలో లేకుండా కింది లెక్క నడవదు.

ఈ పాఠంలో రెండు పనులున్నాయి. మొదటిది పట్టిక వేయడం, గంటలో అయిపోతుంది. రెండోది ఒక సబ్జెక్టు మీకు నిజంగా ఇష్టమా, లేక దాన్ని చెప్పిన సార్ ఇష్టమా అని తేల్చుకోవడం. దానికి రెండు వారాలు కావాలి. పదో తరగతి పరీక్షలకూ అడ్మిషన్లకూ మధ్య సెలవులు ఉంటాయి కాబట్టి సమయం లేదనడానికి వీల్లేదు.

పట్టిక

ప్రతి కోర్సు పక్కనా ఒక అక్షరం వేయండి. ఫలానా సబ్జెక్టు ఇంటర్లో చదివి ఉంటే తప్ప దరఖాస్తే పెట్టలేని కోర్సుకు ‘త’ (తప్పనిసరి). ఏ గ్రూపువాళ్ళయినా చేరవచ్చు గానీ ప్రవేశ పరీక్షలోనో కోర్సు లోపలో ఆ సబ్జెక్టు ఎదురయ్యేదానికి ‘ప’ (పరీక్షలో). నిజంగా ఏ గ్రూపైనా సరిపోయేదానికి ‘ఏ’.

ఇంట్లో జరిగే వాదనల్లో సగం ఈ మూడింటినీ కలగలపడం వల్లే వస్తాయి. ‘మ్యాథ్స్ వదిలేస్తే అన్నీ పోతాయి’ అనేవాళ్ళు ‘ప’ను ‘త’గా చదువుతున్నారు. ‘ఏ గ్రూపైనా ఒకటే, డిగ్రీలో చూసుకోవచ్చు’ అనేవాళ్ళు ‘త’ను ‘ఏ’గా చదువుతున్నారు.

ఎంబీబీఎస్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ లేదా బయోటెక్నాలజీ, ఇంగ్లిష్ ఉండాలి. ఇది ‘త’. నీట్ ర్యాంకు ఒక్కటే చాలదు. ఇంటర్లో ఈ సబ్జెక్టులన్నీ పాసై ఉండాలి. చేరే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్ళు నిండాలి. చిన్న వయసులో బడిలో వేసిన పిల్లలకు ఈ చివరి నిబంధన అడ్డొస్తుంటుంది. పుట్టిన తేదీ ఇప్పుడే సరిచూసుకోండి.

బీటెక్‌కు మ్యాథ్స్, ఫిజిక్స్ ‘త’. ఎప్‌సెట్ ఇంజనీరింగ్ పేపరులో 160 ప్రశ్నలు ఉంటే మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంటే సగం పేపరు లెక్కలే. కెమిస్ట్రీ మీద ప్రేమతో లెక్కల్ని భరిద్దామనుకునేవాళ్ళు ఆ 80ని ఒకసారి తేరిపార చూడాలి. అగ్రికల్చర్, ఫార్మసీ పేపరులో బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ నాలుగూ తలా 40. బీఎస్సీ అగ్రికల్చర్‌కు బైపీసీ ‘త’. బీఫార్మసీ సంగతి వేరు. ఫిజిక్స్, కెమిస్ట్రీ తప్పనిసరి, మూడోది మ్యాథ్సయినా బయాలజీ అయినా ఒకటే. ఫార్మసీ కోసమే ఎంపీసీ, బైపీసీల మధ్య కొట్టుకుంటున్నవాళ్ళు ఆ కొట్లాట ఆపేయవచ్చు.

అయిదేళ్ళ లా ‘ఏ’. లాసెట్‌కైనా క్లాట్‌కైనా గ్రూపుతో పని లేదు, జనరల్ వాళ్ళకు 45 శాతం మార్కులుంటే చాలు. సీఏ ఫౌండేషన్‌కూ ఏ గ్రూపువాళ్ళయినా నమోదు కావచ్చు. కానీ అది ‘ప’. నాలుగు పేపర్లలో ఒకటి పూర్తిగా క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, అంటే 400లో 100. ప్రతి పేపరులో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి కాబట్టి దాన్ని వదిలేసి మిగతావాటితో నెట్టుకురావడం కుదరదు. లెక్కలంటే పడదని సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) తీసుకుని సీఏకు వెళ్ళేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే.

ఎక్కువమంది కంటికి ఆనని ‘త’లు మరికొన్ని ఉన్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు మ్యాథ్స్ చదివి ఉండాలి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బీస్టాట్‌కూ అంతే. ఎకనామిక్స్ కోసం సీఈసీ తీసుకున్న విద్యార్థికి అదే ఎకనామిక్స్‌లో ఒక మంచి సీటు దూరమైపోతుంది. ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) తీసుకుని ఉంటే దూరమయ్యేది కాదు. ఎన్‌డీఏలో ఆర్మీకి ఏ గ్రూపైనా సరే, ఎయిర్‌ఫోర్స్, నేవీలకు మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కావాలి. పైలట్ లైసెన్సుకు ఫిజిక్స్, మ్యాథ్స్ అడుగుతారు.

పట్టిక పూర్తయ్యాక ఒకటి గమనిస్తారు. నీరు పల్లమెరుగు అన్నట్టు, ఎంపీసీ నుంచో బైపీసీ నుంచో బీఏ, బీకాం, లా, బీబీఏల వైపు జారడం తేలిక. హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) నుంచి బీఎస్సీ ఫిజిక్స్‌కు ఎక్కడం కుదరదు. ‘సైన్స్ తీసుకుంటే సేఫ్’ అనే మాట పుట్టింది ఇక్కడే. ఆ మాటలో సగమే నిజం. ఎంపీసీ తీసుకున్నవాళ్ళకు మెడిసిన్, అగ్రికల్చర్ మూసుకుపోతాయి. బైపీసీ వాళ్ళకు ఇంజనీరింగ్‌లో చాలా భాగం మూసుకుపోతుంది. అన్ని దారులూ తెరిచి ఉంచే గ్రూపంటూ ఏదీ లేదు.

దానికి దగ్గరగా వచ్చేది మ్యాథ్స్, బయాలజీ రెండూ చదవడం. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఆ వీలు కల్పించింది. సీబీఎస్ఈలోనైతే ఒకదాన్ని ఆరో సబ్జెక్టుగా పెట్టుకునే అలవాటు పాతదే. మా మాటగా చెప్పాలంటే, రెండింటిలోనూ కింద చెప్పబోయే పరీక్షకు నిలిచినవాళ్ళే దాని జోలికి వెళ్ళాలి. తేల్చుకోలేక రెండూ తీసుకుంటే నీట్ ర్యాంకూ రాదు, జేఈఈ ర్యాంకూ రాదు.

మూసుకున్న దారి మళ్ళీ తెరుచుకునే సందర్భాలూ లేకపోలేదు. ఇంటర్లో బయాలజీ లేనివాళ్ళు తర్వాత గుర్తింపు పొందిన బోర్డులో దాన్ని అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్‌కు అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ విడిగా రాసి పైలట్ శిక్షణకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు. అందుకే ప్రతి ‘త’ పక్కనా ఇంకో గడి గీసి, ‘తర్వాత కట్టుకోవచ్చా, ఎంత కాలం పడుతుంది?’ అని రాయండి. ఏడాది పడుతుందంటే ఏడాది అనే రాయండి.

కాగితం మీద తెరిచి, మార్కుల దగ్గర మూసి

అర్హత ఉందంటే దరఖాస్తు పెట్టొచ్చని మాత్రమే. ఇంటర్లో పాస్ మార్కు 35 శాతం. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఇంజనీరింగ్ సీటుకు గ్రూపు సబ్జెక్టుల్లో జనరల్ వాళ్ళకు 45, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు 40 శాతం ఉండాలి. ఎన్‌ఐటీలకు జేఈఈ మెయిన్ ర్యాంకుతో పాటు ఇంటర్లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం ఉండాలి, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఇష్టం లేని సబ్జెక్టును రెండేళ్ళు ఈడ్చుకొచ్చి 50 శాతం దగ్గర ఆగితే, దేనికోసం దాన్ని పట్టుకున్నామో ఆ సీటే అందదు. పైగా అది మిగతా సబ్జెక్టుల సమయాన్ని కూడా తినేస్తుంది. అందుకని పట్టికలో చివరి గడి ‘నాకు రాగల మార్కులు’. ఆ అంకె ఇప్పుడే వేయకండి, రెండు వారాల తర్వాత వేద్దురుగాని.

ఇష్టాన్ని పరీక్షించడం

మీరు తూకం వేస్తున్న రెండు సబ్జెక్టుల మొదటి సంవత్సరం పుస్తకాలు తెచ్చుకోండి, పాతవైనా ఫరవాలేదు. ఒక్కో సబ్జెక్టుకు ఆరు విడతలు కూర్చోవాలి, ఒక్కో విడత 45 నిమిషాలు. ముందు పుస్తకం చదవాలి, తర్వాత లెక్కలో ప్రశ్నలో చేయాలి. వీడియోలు చూడొద్దు. మంచి వీడియో ఏ సబ్జెక్టునైనా సరదాగా చూపిస్తుంది, పరీక్ష హాల్లో అది ఉండదు.

అధ్యాయం ఎంచుకోవడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. మ్యాథ్స్‌లో మాత్రికలతో మొదలుపెడితే గుణకారాలూ కూడికలే కాబట్టి ‘ఇంతేనా’ అనిపిస్తుంది. దానితో పాటు ప్రమేయాలో, సరళరేఖలో తీసుకోండి. ఒక ప్రమేయం అన్వేకమని (వేర్వేరు విలువలకు వేర్వేరు ఫలితాలే ఇస్తుందని) నిరూపించమన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచని ఆ అయిదు నిమిషాలే ఎంపీసీ అసలు రుచి. బయాలజీలో బొమ్మలు వేయడం ఇష్టమైతే సరిపోదు. పదో తరగతిలో జీవశాస్త్రం ఒక్క పేపరు, బైపీసీలో బోటనీ, జువాలజీ రెండూ చదవాలి. జంతు వైవిధ్యం అధ్యాయంలో వర్గాల పేర్లు, లక్షణాలు, ఉదాహరణలు ఓ పాతిక చదివి, రెండు రోజుల తర్వాత పుస్తకం మూసి రాయండి.

కామర్స్ పరీక్షను కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే పదో తరగతి దాకా దీని వాసన కూడా ఎవరికీ తగలదు. పది లావాదేవీలు తీసుకోండి: మూలధనం తేవడం, సరుకు నగదుకు కొనడం, అరువుకు అమ్మడం, అద్దె చెల్లించడం, ఇలాంటివి. వాటిని చిట్టాలో (జర్నల్) రాసి, ఆవర్జాలోకి (లెడ్జర్) ఎత్తి, నిల్వలు తేల్చి, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) వేయండి. డెబిట్ వైపు మొత్తం, క్రెడిట్ వైపు మొత్తం సమానం కావాలి. మొదటి ప్రయత్నంలో సమానం కావు. 450 తేడా వచ్చిందనుకోండి. 450ని 9తో భాగిస్తే శేషం లేకుండా 50 వస్తుంది, అంటే ఎక్కడో అంకెలు తారుమారై ఉండొచ్చు. ఆవర్జా అంతా వెతికితే 5,610 రాయాల్సిన చోట 5,160 కనిపిస్తుంది. తేడా 9తో భాగం కాకపోతే దాన్ని సగం చేసి, ఆ సగం మొత్తం ఏదైనా పొరపాటున రెండో వైపు పడిందేమో చూడాలి.

ఆ వెతుకులాటలో అరగంట పోయాక మీకేమనిపించింది? దొరికేదాకా లేవబుద్ధి కాలేదా, ఏదో ఒక అంకె మార్చి సరిపెట్టేయాలనిపించిందా? కామర్స్‌తో మీ సంగతి ఇక్కడే తేలిపోతుంది.

ప్రతి విడత కాగానే మూడే రాయండి: గడియారం మొదటిసారి ఎన్నో నిమిషంలో చూశారు, జవాబు తప్పయినప్పుడు ఏం చేశారు, మర్నాడు ఆ విషయం దానంతటదే గుర్తొచ్చిందా. పదికి ఎన్ని మార్కులిస్తారని మిమ్మల్ని మీరు అడగకండి, ఆ అంకె మనసు బాగున్న రోజున ఒకలా, లేని రోజున ఇంకోలా వస్తుంది. ఆరో విడతలో, అప్పటిదాకా చదివిన అధ్యాయాల మీద పాత ప్రశ్నపత్రాల్లోని ప్రశ్నలు సమయం పెట్టుకుని రాసి దిద్దుకోండి. పట్టికలో ఖాళీగా ఉంచిన మార్కుల గడికి ఆ శాతం ఒక మొదటి అంచనా.

ఇంకో మాట. గ్రూపు వేరు, కోచింగ్ వేరు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా సాగే స్టడీ అవర్లు చూసి ‘నాకు మ్యాథ్స్ వద్దు’ అనే పిల్లలు నిజానికి వద్దంటున్నది ఆ టైంటేబుల్‌ని. జేఈఈ బ్యాచ్‌లో చేరకుండానే ఎంపీసీ చదవొచ్చు, ఆ తర్వాత బీఎస్సీ మ్యాథ్స్‌కో బీస్టాట్‌కో వెళ్ళొచ్చు.

రెండూ కలపడం

ఇప్పుడు పట్టికలోని ఒక్కో ‘త’ మీద వేలు పెట్టి, ‘రేపే ఈ సీటు చేతికిస్తే చేరతానా?’ అని అడగండి. తడబడితే ఆ వరుస కొట్టేయండి. ఎవరో అన్నారని రాసుకున్న కోర్సులు ఇక్కడ రాలిపోతాయి.

ఒక విద్యార్థిని ఎనిమిది వరుసలు ఇలా అనుకుందాం: బీటెక్, బీఆర్క్, బీఫార్మసీ, బీఎస్సీ అగ్రికల్చర్, లా, బీఏ, బీబీఏ, బీఎస్సీ జువాలజీ. ఇంట్లో ‘ఎంపీసీ అయితే సేఫ్’ అంటున్నారు. పరీక్షలో మ్యాథ్స్ దగ్గర 12వ నిమిషానికే గడియారం చూసింది, జువాలజీ దగ్గర అలారం మోగేదాకా చూడలేదు. వేలు పెట్టి అడిగితే బీటెక్ దగ్గర తడబడింది, బీఆర్క్ ఎందుకు రాసుకుందో తనకే గుర్తు లేదు. రెండూ కొట్టేస్తే మిగిలిన ఆరింటిలో మ్యాథ్స్ ‘త’గా ఉన్నది ఒక్కటీ లేదు. బైపీసీతో ఆరూ తెరిచే ఉంటాయి. ఇంట్లోవాళ్ళకు చూపించాల్సింది ఈ కాగితమే.

అదే అమ్మాయి బీటెక్ దగ్గర తడబడకుండా ‘చేరతాను’ అని ఉంటే లెక్క మారేది. అప్పుడు చూడాల్సింది ఆరో విడతలో వచ్చిన శాతం. 60 దాటితే, ఇష్టం కాస్త తక్కువైనా మ్యాథ్స్ ఉంచుకోవడంలో అర్థం ఉంది. 40 దగ్గరే ఆగితే ఇంకో రెండు వారాలు ఇంకో అధ్యాయంతో చూడాలి. ఈ 60, 40 ఏ బోర్డూ పెట్టిన గీతలు కావు, పాత పేపర్లతో దిద్దుకునేవాళ్ళకు మేం చెప్పే ఉజ్జాయింపు.

వచ్చే పాఠానికి

అక్షరాలు వేసిన పట్టిక, రెండు సబ్జెక్టుల పన్నెండు విడతల చిట్టీలు, దిద్దిన ఆరో విడత కాగితాలు దగ్గర పెట్టుకోండి. ప్రతి ‘త’నూ ఆ సంస్థ ఈ ఏడాది విడుదల చేసిన సమాచార పత్రంలో ఒకసారి సరిచూసి, పక్కన తేదీ వేయండి. అర్హతలు ఏటా మారుతుంటాయి, అన్నయ్య చేరినప్పటి నిబంధన ఇప్పుడు ఉండకపోవచ్చు. 4వ పాఠంలో కాలేజీ ఎంపిక: ల్యాబ్ అడిగి చూడడం, ఫీజు రసీదులో ఏమేం కలిపారో చదవడం, చేరిన తర్వాత గ్రూపు మారాలంటే ఎప్పటిలోగా అడగాలి.