పోరాటం ఆగిన ఊళ్లో ప్రేమకథ: రైతు కుటుంబాల చారిత్రక నవల ఎలా రాయాలి?

చారిత్రక ప్రేమకథ అనగానే మన కలం కోటల వైపు, రాణుల వైపు పోతుంది. మట్టి గోడల ఇళ్లలో, కాల్పులు ఆగిన తర్వాత మళ్లీ నాగలి పట్టిన మనుషుల మధ్య ప్రేమకథ రాయాలంటే వేరే పద్ధతి కావాలి. అందుకు తెలంగాణ సాయుధ పోరాటం ముగిసిన రోజులను తీసుకుందాం. 1946 జులైలో కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు బలయ్యాడు, 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వచ్చింది. ఆ మధ్య ఐదేళ్ల మీద చాలానే రాశారు. ఆ తర్వాత ఊరికి తిరిగొచ్చినవాళ్ల మీద వచ్చింది తక్కువ. మీ నవలకు చోటు అక్కడుంది.

ముందే ఒక మాట. ఇలాంటి కథలో ప్రేమకు అడ్డు పడాల్సింది మీసాలు మెలేసే విలన్ కాదు, భూమి. ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు, ఇంతకుముందు ఎవరు దున్నేవారు, కాగితం ఎవరి పేరున ఉంది అన్న మూడు ప్రశ్నల చుట్టూ కథ తిరగాలి. ఇది కుదిరితే మిగతా పని సగం అయినట్టే.

1. సంవత్సరం, ఊరు ముందు తేల్చుకోండి

"స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో" అని మొదలుపెడితే కుదరదు. ఆ రోజుల్లో ఆరు నెలలకోసారి ఊరి పరిస్థితి మారిపోయింది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో నిజాం పక్షాన తిరిగిన రజాకార్లు ఊచకోత కోశారు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది (పోలీసు చర్య అన్నది దీన్నే), ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో పేదలకు భూమి ఇమ్మని వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చాడు. 1952 తొలి ఎన్నికల్లో నల్లగొండ నుంచి పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి భారీ మెజారిటీతో పార్లమెంటుకు వెళ్లాడు.

మీ కథ 1949లో నడిస్తే కుర్రాడు అడవిలోనో జైల్లోనో ఉంటాడు, కలుసుకోవడమే గండం. 1952లో అయితే అతను ఇంటి అరుగు మీదే ఉంటాడు, కానీ పొలం లేదు, పని లేదు, పక్కింటివాళ్లు పలకరించరు. ప్రేమకథకు రెండోదే బాగుంటుందని నా అభిప్రాయం. పారిపోయే మనిషి కంటే నిలబడాల్సి వచ్చిన మనిషికే టెన్షన్ ఎక్కువ.

జిల్లా హద్దులు కూడా చూసుకోండి. అప్పట్లో జనగామ తాలూకా నల్లగొండలో ఉండేది, ఖమ్మం వరంగల్ జిల్లాలో ఉండేది. పాత్ర కోర్టు పని మీద ఏ పట్నం పోవాలో దీన్ని బట్టే తేలుతుంది.

2. ఒక చెలక తీసుకుని దాని చరిత్ర రాయండి

నవల మొదలుపెట్టే ముందు కాగితం మీద నాలుగెకరాల చెలక, అంటే మెట్ట నేల, గీయండి. గట్లు, బావి, చింతచెట్టు, బండ్లబాట అన్నీ పెట్టండి. ఎకరానికి నలభై గుంటలు. ఇప్పుడు దాని మీద చేతులు మారిన వరస రాయండి.

ఉదాహరణకు, కల్పించి చెబుతున్నాను: ఆ నేల మొదట దొరది. అబ్బాయి తండ్రి పదేళ్లు కౌలుకు దున్నాడు, పంట బాకీ పడ్డాడని దొర మనుషులు వెళ్లగొట్టారు. 1948లో పోరాటం నడిపిన సంఘం ఆ నేలను పంచితే అమ్మాయి వాళ్లింటికి వచ్చింది. ఆమె అన్న ఒక్క పంట తీసి, దళంలో చేరి చనిపోయాడు. పోలీసు చర్య తర్వాత దొర పోలీసులను వెంటబెట్టుకుని తన గడికి, అంటే కోటలాంటి ఇంటికి, తిరిగొచ్చాడు, నేల మళ్లీ చేజారింది. కౌలుదారీ చట్టం వచ్చాక అబ్బాయి తండ్రి తానే రక్షిత కౌలుదారునని, అంటే చట్టం కాపాడే కౌలుదారునని, దరఖాస్తు పెట్టాడు.

ఇక్కడ తప్పు ఎవరిది? అబ్బాయి తండ్రి అబద్ధం చెప్పడం లేదు. అమ్మాయి తల్లికి మాత్రం అది కొడుకు చివరిసారి విత్తిన నేల. ఆ రెండిళ్ల మధ్య ప్రేమ పుడితే ప్రతి మాటకూ బరువు వస్తుంది. మీరు ప్రత్యేకంగా గొడవలు కల్పించక్కర్లేదు.

తర్వాత ఈ గొడవ కాగితం మీదికి ఎలా ఎక్కుతుందో చూడండి. ఊళ్లో భూమి లెక్కలు రాసే పట్వారీ రాసిందే వేదం. 1954–55లో ఏ నేల ఎవరి సాగులో ఉందో రాసిన ఖాస్రా పహాణీ తయారైంది. తెలంగాణలో భూమి తగాదా వస్తే నేటికీ తీసి చూసే రికార్డు అదే. పట్వారీ ఆ చెలక ముందు నిలబడి కబ్జాదారు పేరు రాసుకునే రోజు మీ నవలకు క్లైమాక్స్ కావచ్చు. పెళ్లి పందిరి కంటే ఆ సీన్ బలంగా ఉంటుంది. ఎవరి పేరు చెప్పాలో అమ్మాయికి తెలుసు, చెబుతుందా లేదా అన్నదే ప్రశ్న.

3. కలుసుకునే సీన్లను పనిలో పెట్టండి

రైతు ఇళ్లలో ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకునే తీరిక ఎవరికీ లేదు. మోట కొట్టే దగ్గర, నాట్ల దగ్గర, కళ్లంలో, వాగులో బట్టలుతికే చోట చూపులు కలవాలి. కాబట్టి కథ కాలక్రమం పంటల ప్రకారం వేసుకోండి: మృగశిర వానతో పునాస (తొలకరి పంట) విత్తనాలు, చెరువు కింద వానకాలపు ఆబి వరి, నీళ్లు మిగిలితే ఎండాకాలపు తాబి. పోరాటం తర్వాత చాలా ఇళ్లలో ఎడ్ల జత మిగల్లేదు. ఒక ఇంట్లో ఒక ఎద్దు, మరో ఇంట్లో ఒక ఎద్దు ఉంటే రెండూ కలిపి కట్టక తప్పదు. మాట్లాడుకోని రెండు కుటుంబాలను ఒక్క కాడి కిందికి తేవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

పండుగల్లో బతుకమ్మ మీకు బాగా పనికొస్తుంది. పెళ్లయిన ఆడపిల్లలు పుట్టింటికి వచ్చే తొమ్మిది రోజులవి. తంగేడు, గునుగు పూల కోసం ఆడవాళ్లు చెలకల వెంట తిరుగుతారు. తగాదాలో ఉన్న గట్టు మీద గునుగు పూస్తే ఎవరు కోయాలి? ఒక అధ్యాయం నడిచిపోతుంది. ఇక ఆషాఢంలో ముహూర్తం పెట్టకండి, పాఠకురాలు పుస్తకం మూసేస్తుంది.

4. తిరిగొచ్చిన ఆడవాళ్లను మరిచిపోవద్దు

పోరాటంలో ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం లాంటి పేర్లు అందరికీ తెలుసు. పేరు రాని ఆడవాళ్లు ఇంకా ఎందరో. తుపాకీ పట్టి తిరిగిన అమ్మాయి ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముందు కూర్చోవాల్సి వచ్చింది. అడవిలో మగవాళ్లతో ఉన్న పిల్లను ఎవరు చేసుకుంటారన్న మాట ఊళ్లో పడింది. హీరోయిన్‌గా ఈమె కంటే బలమైన మనిషి నాకు తోచడం లేదు. ఆమె దయ కోరదు. ఆమెను కాపాడే హీరోను దయచేసి రాయకండి.

భర్త పోయిన యువతిని తీసుకుంటే, చాలా వ్యవసాయ కులాల్లో మారుమనువు ఉండేదని గుర్తుపెట్టుకోండి. అక్కడ అడ్డంకి ఆచారం కాకపోవచ్చు, చనిపోయిన భర్త వాటా భూమి మరో ఇంటికి పోతుందన్న అతని అన్నదమ్ముల భయం కావచ్చు.

పోలీసు చర్య తర్వాత మామూలు ముస్లిం కుటుంబాలూ ఘోరంగా నష్టపోయాయి. ముఖ్యంగా సంస్థానంలోని మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ఏం జరిగిందో నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. మీ ఊళ్లో ముస్లిం రైతు ఉంటే అతన్ని రజాకారు నీడగా చూపించి వదిలేయకండి.

5. వస్తువులు, డబ్బు

నిజాం నాణెం హాలీ సిక్కా విలీనం తర్వాత కూడా కొన్నేళ్లు నడిచింది. ఆరు భారత రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. నయా పైసలు 1957లోనే వచ్చాయి, అంతకుముందు అణాలే. వెలుగుకు కందీలు, చలికి గొంగడి, ఆకలికి జొన్న గట్క. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరులో, కాబట్టి 1952 నల్లగొండలో సాగర్ కాలువ గట్టు మీద పాట పెట్టలేరు.

6. డైలాగులు

కథనం మామూలు తెలుగులో రాసి, మాటలు మాత్రం ఆ ఊరి యాసలో పెట్టండి. మరీ ఎక్కువ సాగదీయొద్దు. ప్రేమ అన్న మాట మొదటి వంద పేజీల్లో రాకపోతే ఇంకా మంచిది. ఇలా సరిపోతుంది:

"నీ ఎడ్లు మా గట్టు తొక్కుతున్నయ్."

"గట్టు ఎవలదో పట్వారీకే తెలుస్తలేదు, ఎడ్లకేం తెలుస్తది?"

ఇద్దరూ పోట్లాడుతున్నారు, ఇద్దరికీ వెళ్లిపోవాలని లేదు. అది చాలు.

7. ముగింపు గురించి

చాలామంది రాతప్రతులు ఇక్కడ దెబ్బతింటాయి. భూమి మొత్తం పేదలకు వచ్చేసిందని రాస్తే చరిత్ర ఒప్పుకోదు, అన్నీ పోయాయని రాస్తే ప్రేమకథ చదివేవాళ్లు ఒప్పుకోరు. మధ్యలో నిజమైన దారులున్నాయి: సగం చెలక దక్కడం, కేసు నడుస్తుండగానే పెళ్లి, ఇద్దరి పేరునా కాకుండా అమ్మాయి తల్లి పేరున నమోదు. ఏది ఎంచుకున్నా కేసు పత్రాల్లో అది ఎలా కనిపిస్తుందో తెలిసిన రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగిని ఎవరినైనా అడగండి. రాతప్రతి పూర్తయ్యాక ఆ ప్రాంతంలో ఎనభై దాటిన ఒకామెకు రెండు అధ్యాయాలు చదివి వినిపించండి. ఆమె "గట్ల ఉండకపోయేది" అన్న ప్రతి చోటా గీత పెట్టుకుని, మొదట ఆ పేజీలే తిరగరాయండి.