పాత వార్డులో ఎంఆర్ఐ గది: నాలుగో పాఠం – ఐదు గాస్‌ల గీత

కిందటి పాఠంలో ఎక్స్‌రే గదికి గోడ మందం లెక్కకట్టడం నేర్చుకున్నాం. అక్కడ కిరణాలను ఇటుక గోడో సీసపు రేకో అడ్డుకుంటుంది కాబట్టి, గోడ సరిగ్గా లేచిందంటే మన పని చాలావరకు అయిపోయినట్టే. ఎంఆర్ఐ గదికి వచ్చేసరికి ఆ అలవాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఇక్కడ సీసంతో పనే లేదు. గది చుట్టూ పరిచే రాగి రేకు కూడా బయటి రేడియో తరంగాలు లోపలికొచ్చి చిత్రాన్ని పాడుచేయకుండా చూడటానికే. అయస్కాంత క్షేత్రం మాత్రం ఇటుకనూ కాంక్రీటునూ ఆ రాగినీ అక్కడేమీ లేనట్టే దాటిపోతుంది. అందువల్ల ముందుగా గీయవలసింది గోడలను కాదు, ఐదు గాస్‌ల గీతను.

గాస్ అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం; యంత్రం చుట్టూ ఆ బలం ఐదు గాస్‌లకు తగ్గే చోట్లను కలిపితే వచ్చే గీత ఇది. పేస్‌మేకర్ ఉన్నవారు దాటకూడని హద్దుగా దీన్ని చాలాకాలంగా పాటిస్తున్నారు. 1.5 టెస్లా (అంటే 15,000 గాస్‌ల) యంత్రాల్లో ఈ గీత అయస్కాంతం నడిమధ్య నుంచి, రోగిని పడుకోబెట్టే బల్ల దిశలో సుమారు 4 మీటర్లు, పక్కలకూ పైకీ కిందికీ సుమారు 2.5 మీటర్లు ఉంటుంది. అసలు పనికి తయారీదారు ఇచ్చే కొలతలే ప్రమాణం. అభ్యాసానికి ఇవి చాలు.

1:50 స్కేలులో గది ప్లాను గీయండి. ట్రేసింగ్ కాగితం మీద 16 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘవృత్తాన్ని కత్తిరించి, దాని మధ్యలో గుండుసూది గుచ్చి ప్లాను మీద నిలపండి. గది 7 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు అనుకుందాం. బల్లను పొడవు వెంబడి ఉంచితే గీత రెండు కొసల్లో అర మీటరు చొప్పున గోడ దాటుతుంది. కాగితాన్ని అడ్డంగా తిప్పితే రెండు వైపులా 1.25 మీటర్లు బయటికి వస్తుంది. మొదటి అమరికే మేలు. అయితే దాటిన కొసన కంట్రోల్ గది ఉంటే సర్దుకోవచ్చు గానీ, రోగుల బంధువులు కూర్చునే వరండా ఉంటే కుదరదు.

కొత్తవారు చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నిలువు సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే చిత్రం) గీయనిదే ఈ లెక్క పూర్తికాదు. అయస్కాంతం మధ్యభాగం నేలకు 1.05 మీటర్ల ఎత్తున ఉందనీ, అంతస్తుకూ అంతస్తుకూ మధ్య 3.5 మీటర్లు ఉన్నాయనీ అనుకుంటే, గీత పైఅంతస్తు నేలను 5 సెంటీమీటర్లే దాటుతుంది, కింది అంతస్తులో మాత్రం నేలకు 2.05 మీటర్ల ఎత్తు దాకా దిగుతుంది. కింద నడిచే మనిషికి అది తగలదు. నిచ్చెనెక్కి ఫ్యాను బిగించే మనిషికి తగులుతుంది. కింద కార్ల పార్కింగో పక్కన లిఫ్టో ఉంటే చిక్కు తిరగబడుతుంది: కదిలే ఇనుము యంత్రం క్షేత్రాన్నే కదిలించి చిత్రాన్ని చెడగొడుతుంది.

ఇక హీలియం గొట్టం. అయస్కాంతాన్ని అతి చల్లగా ఉంచే ద్రవ హీలియం ఒక్కసారిగా ఆవిరైతే లీటరు ద్రవం 700 లీటర్లకు పైగా వాయువవుతుంది. అది ఈ గొట్టం గుండా నేరుగా ఆరుబయటికే పోవాలి. నేను చూసిన ఒక ఆస్పత్రిలో గొట్టం మూతి సరిగ్గా దుప్పట్లు ఆరేసే డాబా వైపే తెరుచుకుంది! కొద్ది లీటర్ల హీలియంతోనే నడిచే మూసిన అయస్కాంతాలకు ఈ గొట్టం అక్కర్లేదు. పాత భవనాల్లో వాటినే ముందు పరిశీలించమంటాను.

వచ్చే పాఠానికి ముందు, మీకు తెలిసిన ఏదైనా ఆస్పత్రి వార్డుకు ప్లానూ సెక్షనూ గీసి, ఆ కాగితాన్ని రెంటిమీదా తిప్పి చూసి, గీత దాటిన ప్రతి చోటా ఎవరు నిలబడతారో రాసి ఉంచండి.