అద్దంలో కనిపించేది నీడ కాదు: 3, 4, 5 తరగతులకు వెలుతురు పాఠం

వెలుతురు పాఠంలో మొదటి చిక్కు మన మాటలోనే ఉంది. వేపమాను కింద చల్లదనం నీడ, ఎండలో మన వెంట వచ్చేదీ నీడ, బావిలోకి తొంగిచూస్తే కనిపించే మొహం కూడా నీడే. అందుకే ‘నీ నీడ బొమ్మ వెయ్యి’ అంటే మూడో తరగతి పిల్లలు దానికి కండ్లు, ముక్కు, చొక్కా గుండీలు కూడా పెట్టేస్తుంటారు. తప్పని కొట్టెయ్యకండి. ఆ బొమ్మలు దాచిపెట్టి, పాఠం చివరి రోజు వాళ్లకే ఇచ్చి వాళ్లతోనే దిద్దించండి.

రెండింటినీ విడదీయడానికి అంగట్లో దొరికే అరచేతి అద్దం చాలు. అంచులకు ముందే టేపు చుట్టండి. పిల్లవాడు దాన్ని గోడకు ఎదురుగా ఎండలో పట్టుకుంటే నేల మీద అద్దం నీడ పడుతుంది, గోడ మీద వెలుతురు ముక్క ఆడుతుంది. ఒకే అద్దం, రెండు పనులు. వెలుతురు ఆగిపోయిన చోట నీడ, తిరిగి వెళ్లిన చోట ఆ ముక్క. ఇప్పుడు అద్దం బదులు అంతే కొలత అట్టముక్క ఇవ్వండి. నీడ మారదు, గోడ మీది ముక్క మాయం. ఆ తేడా పిల్లల నోటితోనే వచ్చేదాకా మీరు నోరు విప్పొద్దు. ఒక్క నియమం మాత్రం ముందే చెప్పాలి: సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, అద్దం వెలుతురు ఎవరి కంట్లోనూ కొట్టకూడదు. తప్పినవాడి చేతిలోంచి అద్దం వెంటనే తీసేసుకోండి.

వెలుతురు ఏ వాలులో వస్తే అదే వాలులో తిరిగి పోతుందని చూపించడానికి దువ్వెన మంచి సాధనం. అట్ట మీద తెల్లకాగితం అంటించి, సూర్యుడి వైపు అంచున దువ్వెన పళ్లు కిందికి వచ్చేలా నిలబెట్టండి. పళ్ల సందుల్లోంచి వెలుతురు గీతలు కాగితం మీద పరుచుకుంటాయి. వాటికి అడ్డంగా అద్దాన్ని ఏటవాలుగా నిలబెడితే గీతలు విరిగి పక్కకు మళ్లుతాయి. వచ్చిన గీతను, పోయిన గీతను పెన్సిలుతో గీయించండి. ఐదో తరగతి వాళ్లయితే కోణమానినితో కొలుస్తారు. రెండు మూడు డిగ్రీల తేడా వస్తే పట్టించుకోవద్దు. ఈ ప్రయోగం చెడేది మూడు చోట్ల. బడివేళకు సూర్యుడు పైకి వచ్చేసి ఉంటాడు కాబట్టి గీతలు పొట్టిగా ఉంటాయి. దువ్వెన ఉన్న అంచును 15 సెంటీమీటర్లు పైకెత్తితే సాగుతాయి. అద్దం వెనక్కి వాలితే తిరిగిన వెలుతురు గాల్లోకి పోయి కాగితం మీద పడదు. అగ్గిపెట్టెకు రబ్బరు బ్యాండుతో కట్టి నిటారుగా నిలపండి. ఇక పేల దువ్వెన తెచ్చిన పిల్ల పాపం నిరాశపడుతుంది: సూర్యుడు చుక్క కాదు, బిళ్ల. అందుకే సన్న సందుల గీతలు కొంచెం దూరం పోగానే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

గచ్చు కడప బండలదైతే ఇంకో మంచి పని ఉంది. పాలిష్ చెయ్యని బండ మీద మొహం కనిపించదు. దాని మీద గ్లాసెడు నీళ్లు పొయ్యండి, కిటికీ కనిపిస్తుంది. గరుకు బండ వెలుతురును తలో దిక్కుకు చెదరగొడుతుంది. నీళ్లు గుంటలు నింపి నున్నగా చేస్తాయి. బండ నల్లగా ఉండటం వల్ల బొమ్మ ఇంకా బాగా తేలుతుంది.

నీడ పెద్దదవడం, చిన్నదవడం చూపడానికి సెల్‌ఫోను టార్చిని గోడకు మీటరు దూరంలో పెట్టండి. మధ్యలో, అంటే 50 సెంటీమీటర్ల దగ్గర చెయ్యి పెడితే నీడ రెండింతలు. టార్చికి 25 సెంటీమీటర్ల దగ్గర పెడితే నాలుగింతలు. ట్యూబులైటుతో చెయ్యబోతే అంచులు అలుక్కుపోతాయి. ఫోనుకు రెండు లైట్లుంటే నీడ కూడా జంటగా పడుతుంది, ఒకదాన్ని టేపుతో మూయండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల సంగతి ఇక్కడే ఎత్తండి. ఆ బొమ్మ నీడకు రంగులెందుకున్నాయని అడగండి. మేక తోలును పలచగా గీకుతారు, వెలుతురు కొంత దానిగుండా దాటి వస్తుంది. అట్టబొమ్మకు కిటికీ కోసి, వెలుతురు దాటే రంగురంగుల జిలుగు కాగితం అతికిస్తే పిల్లలే ఆ తేడా పట్టుకుంటారు.

మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడని చాలామంది చెప్పేస్తుంటారు. మన దగ్గర అది ఏడాదికి రెండు రోజులే నిజం. అనంతపురంలో మీటరు కర్రకు డిసెంబరు 21 మధ్యాహ్నం సుమారు 78 సెంటీమీటర్ల నీడ ఉత్తరానికి పడుతుంది. జూన్ 21న 15 సెంటీమీటర్లే, అదీ దక్షిణానికి. నీడ అటునుంచి ఇటు దాటుతూ మధ్యాహ్నం మాయమయ్యే ఆ రెండు రోజుల్లో ఒకటి ఏప్రిల్ చివర్లో, సెలవుల్లో పోతుంది. రెండోది బడి నడిచేటప్పుడే: అనంతపురానికి ఆగస్టు 12, 13 తేదీలు, కడపకు 13 ప్రాంతం, కర్నూలుకు 9 ప్రాంతం. అదీ పన్నెండు గంటలకు కాదు. మన గడియారం మనకు తూర్పున ఉన్న రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి అనంతపురంలో ఆ క్షణం దాదాపు 12:24, కడపలో 12:19.

బడి తెరిచిన వారం నుంచే కర్ర పాతి, వారానికోసారి అదే వేళకు నీడ కొన మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టించండి. దారానికి రాయి కట్టి కర్ర నిటారుగా ఉందో లేదో చూడాలి. 5 డిగ్రీలు వంగినా నీడ లేని రోజున 9 సెంటీమీటర్ల నీడ కనిపించి పిల్లలు మీ మాట నమ్మరు. మబ్బు పట్టే నెల కాబట్టి ముందూ వెనకా రెండు రోజులు కూడా సిద్ధంగా ఉండండి. ఎలాగూ జెండా పండుగ రిహార్సలుకు అందరూ మైదానంలోనే ఉంటారు. భోజనం గ్లాసుతో మాత్రం చూపించొద్దు: నిలబెడితే పైఅంచు వెడల్పు వల్ల చుట్టూ నీడ మిగులుతుంది, బోర్లిస్తే చాలా రోజుల ముందే నీడ పోతుంది. తిన్నని పైపుముక్క వాడండి.